రైతు భరోసా పడేది నాన్న ఖాతాలో, పొలం చేసేది బాబాయ్. నేనేం చెయ్యాలి?

ఆయకట్టు అబ్బాయి:

అందరికీ నమస్తే. "ఇది పార్టీల గొడవ పోస్టు కాదు" అని మొదలుపెడదామనుకున్నా, కానీ అబద్ధం అవుతుంది. గొడవ మొదలైందే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, సాగర్ ఎడమ కాలువ కింద. నాన్న పేరు మీద 3 ఎకరాల 20 గుంటలు ఉంది. నాది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నాన్నకు మోకాళ్లు పట్టేశాక, 2015 నుంచి పొలం కౌలుకిచ్చాం. చేసేది మా వాడకట్టులో ఉండే ఒకాయన. చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తా. ఆయనకు సొంతానికి గుంట భూమి లేదు.

నాన్న బ్యాంకు ఖాతాకు నా ఫోన్ నంబరే ఇచ్చాం. 2025 జూన్‌లో మెట్రోలో ఆఫీసుకు పోతుంటే మెసేజ్ వచ్చింది, 21,000 జమ అని. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, వానకాలం రైతు భరోసా, ఎకరాకు 6 వేల లెక్కన. ఆ సాయంత్రం గ్రూపులో పెద్దమామ (కాంగ్రెస్) "9 రోజుల్లో 9 వేల కోట్లు" అని పోస్టర్ పెట్టిండు. చిన్నమామ (బీఆర్ఎస్) ఊరుకుంటాడా? "ఏడాదికి ఎకరాకు 15 వేలన్నరు, 12కు దించిన్రు. పోయిన వానకాలం మొత్తమే ఎగ్గొట్టిన్రు. ఆ బాకీ ఎవరు కడ్తరు?" అని మొదలుపెట్టిండు. అన్నం తిని వచ్చేసరికి 140 మెసేజ్‌లు. ఇద్దరూ నాగలి ముట్టి ఇరవై ఏళ్లయింది. నాన్న మాత్రం ఇద్దరి మెసేజ్‌లకూ బొటనవేలు బొమ్మ పెట్టిండు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క రాసుకున్నా. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు కొత్త పట్టాదారు పాస్ బుక్కుతో పాటు చెక్కు ఇచ్చారు, ఎకరాకు 4 వేలు, మాకు 14 వేలు. మరుసటి ఏడాది నుంచి సీజన్‌కు ఎకరాకు 5 వేలు, అంటే 17,500. తర్వాత సర్కారు మారి రైతు భరోసా, 21 వేలు. మధ్యలో ఒకటీ అరా తప్పినా, మొత్తం రెండు లక్షల పైమాటే. సాగర్‌లో నీళ్లు లేక పొలం బీడు పెట్టిన 2023-24 యాసంగికి కూడా పడింది. పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు వేరే. 2024 జులై 30న రెండో విడత రుణమాఫీలో నాన్న పంట రుణం లక్షా 30 వేలు మాఫీ అయింది. పంట రుణమని పేరే గానీ ఆ డబ్బు పెట్టింది చెల్లె పెళ్లికి.

బాబాయ్‌కి ఈ పదేళ్లలో మూడు పార్టీల దగ్గర నుంచి వచ్చింది సున్నా. పైగా ఎకరాకు ఏడాదికి 15 వేలున్న కౌలు ఇప్పుడు 22 వేలు. ఊళ్లో రేటు పెరిగింది, మేమూ పెంచాం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మేలో ఊళ్లో పెళ్లికి పోయినప్పుడు జరిగింది మనసులోంచి పోవట్లేదు. రాత్రి పదకొండింటికి గాలివాన అందుకుంది. బాబాయ్ వడ్లు ఐకేపీ సెంటర్ (సర్కారు వడ్లు కొనే చోటు) దగ్గర కుప్ప పోసి ఉన్నాయి, అప్పటికి తొమ్మిది రోజులు. తేమ తగ్గలేదని ఒకరోజు, గన్నీ సంచులు లేవని ఒకరోజు, లారీ రాలేదని ఒకరోజు కాంటా పెట్టలేదు. సెల్‌ఫోన్ లైటులో ఉరికినం. టార్పాలిన్ పట్టా ఒక కొస ఆయన పట్టుకున్నడు, ఒక కొస నేను. గాలికి లేచిపోతుంటే అంచుల మీద రాళ్లు పెట్టినం. కింద నుంచి నీళ్లు పారి కుప్ప అంచు నానుతుంటే ఆయన చేతులతోనే కాలువ తీసిండు. తడిసి ముద్దయి రేకుల కింద నిలబడ్డాక బీడీ వెలిగించుకుని అన్నడు: "మీ నాయనకు ఆ పట్టా, నాకు ఈ పట్టా." అని నవ్విండు. నాకు నవ్వు రాలేదు.

కాంటా అయ్యాక వడ్ల పైసలు కూడా పాస్ బుక్కు నాన్నది కాబట్టి నాన్న ఖాతాలోనే పడ్డాయి. నేను ఫోన్‌పేలో బాబాయ్ కొడుక్కి పంపా.

నా ప్రశ్నలు ఇవి. పడ్డ భరోసాలో బాబాయ్‌కి వాటా ఇవ్వడం ఎవరైనా చేస్తున్నారా, ఎట్లా ఇస్తున్నారు? కౌలు కాగితం రాసిద్దామంటే నాన్న "భూమి మీదికి తెచ్చుకుంటవా" అని తిట్టిండు. నిజంగా అట్లా అవుతుందా? ఇంకోటి, కౌలు రైతుకు ఇస్తామని చెప్పిన పార్టీ ఏది, ఇచ్చిన పార్టీ ఏది? తిట్టుకోకుండా చెప్పండి.

సిద్దిపేట వాణ్ని:

తమ్మీ, నీ మూడో ప్రశ్నకు జవాబు సులువు. కేసీఆర్ ఏనాడూ కౌలు రైతుకు ఇస్తానని చెప్పలే. రైతుబంధు పట్టాదారుకే అని అసెంబ్లీలో నిలబడి చెప్పిండు. పహాణీలో (భూమి రికార్డుల) అనుభవదారు కాలమ్, అంటే పొలం చేసేటోని పేరు రాసే గడి, తీసేసింది కూడా బాజాప్తా చెప్పే తీసేసిండు. నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, దాపరికం లేదు. 2022 మే 6న వరంగల్‌ల రాహుల్ గాంధీని పిలిచి డిక్లరేషన్ చేసిందెవరు? రైతుకూ కౌలు రైతుకూ ఎకరాకు ఏడాదికి 15 వేలు అన్నదెవరు? ఇయ్యనని చెప్పి ఇయ్యనోని కంటే, ఇస్తనని చెప్పి ఇయ్యనోన్ని ముందు అడగాలె.

ఇంకోటి గుర్తు చేస్తా. 2023 ఎన్నికల ముందు ఖాతాలల్ల పడాల్సిన రైతుబంధును నవంబర్ 27న ఆపిచ్చింది కూడా వాళ్లే.

చెయ్యెత్తి చెప్తా:

ఆపింది ఎన్నికల సంఘం. ముందు అనుమతిచ్చింది కూడా అదే. హరీశ్‌రావు సభలో డబ్బులు ఫలానా రోజు పడతాయని చెప్పడం వల్ల షరతు ఉల్లంఘన అయిందని ఉత్తర్వులోనే ఉంది. మా మీద ఎందుకు రుద్దుతారు?

అబ్బాయి గారూ, మీ మామలిద్దరిలాగే ఇక్కడా మొదలైంది, క్షమించండి. నేను కాంగ్రెస్ మనిషినే, దాచను. రుణమాఫీ ఒక ఏడాదిలో 20 వేల కోట్ల పైన చేశాం. వాళ్లు లక్ష మాఫీని నాలుగు ముక్కలు చేసి వేస్తే అది వడ్డీకే సరిపోయింది. సన్న వడ్లకు క్వింటాకు 500 బోనస్ కొత్తగా వచ్చింది. భూమి లేని కూలీలకు ఏడాదికి 12 వేలని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా 2025 జనవరి 26న మొదలైంది. మీ బాబాయ్ కుటుంబానికి గుంట కూడా లేదంటున్నారు కదా, 2023-24లో ఉపాధి హామీ పనికి 20 రోజులైనా పోయి ఉంటే అర్హత ఉంటుంది. ఎంపీడీవో ఆఫీసులో అడగమనండి.

కౌలు రైతు సంగతి మాత్రం... ఒప్పుకోవాలి, మేం చెప్పింది చెయ్యలేదు. ఎందుకంటే ఏ కాగితంలోనూ కౌలు రైతు పేరు లేదు. పేరు రాద్దామంటే పట్టాదారులు ఊరుకోరు. ఓట్లు ఎవరివి ఎక్కువో మీకు తెలుసు.

సిద్దిపేట వాణ్ని:

రుణమాఫీ అందరికీ అయిందా? రెండు లక్షల పైనున్న బాకీ ముందు కట్టుకొని రమ్మన్నరు. మా అన్న అప్పు తెచ్చి 40 వేలు కట్టిండు, ఇంకా కాలే. ఎడ్డెమంటే తెడ్డెమనుడే గాని...

కౌలు రైతు బిడ్డ:

మీ ఇద్దరూ కాసేపు ఆగండి అన్నలూ. రెండు లక్షల పైన, రెండు లక్షల లోపల అని కొట్లాడుతున్నారు. మా నాన్నకు బ్యాంకు రెండు రూపాయలు కూడా ఇయ్యలేదు, ఇంక మాఫీ ఏంది?

నేను సూర్యాపేట జిల్లా, నర్సింగ్ చదువుతున్న. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తడు. లెక్క చెప్తా, అబ్బాయి అన్న రాసుకున్నట్టే. ఎకరానికి మాకు 25 క్వింటాళ్లు వస్తే మంచి పంట అంటం. 2024-25 యాసంగి ఏ గ్రేడ్ మద్దతు ధర 2,320. అంటే 58 వేలు. దుక్కి, నారు, నాట్లు, కలుపు, మందులు, కోత మిషన్, ట్రాక్టర్ కిరాయి కలిపి 35 వేలు. ఒక పంటకు కౌలు 11 వేలు. మిగిలింది 12 వేలు. ఆ 35 వేలు షావుకారు దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చినయి, ఐదు నెలలకు 3,500. ఇప్పుడు మిగిలింది 8,500. మా నాన్న, అమ్మ కూలి ఇందులో కట్టలేదు.

అదే ఎకరానికి పట్టాదారుకు కౌలు 11 వేలు, భరోసా 6 వేలు, మొత్తం 17 వేలు. వాన పడ్డా, ఎండ కొట్టినా, దోమ పోటు వచ్చినా ఆయన 17 వేలు ఆయనవే.

సన్నాల బోనస్ అంటున్నరు. మా దగ్గర సన్నాలు కోసిన రోజే పచ్చి వడ్లు మిల్లుకు పోతయి. ఆరబెట్టేందుకు జాగ లేదు, షావుకారు ఆగడు. సెంటర్ల అమ్మితేనే బోనస్. సెంటర్ల అమ్మాలంటే మళ్ళా పాస్ బుక్కు, మళ్ళా పట్టాదారు ఖాతా. ఒకసారి మా పట్టాదారు ఖాతాల పడ్డ వడ్ల పైసలను బ్యాంకోళ్లు ఆయన పాత బాకీ కింద పట్టుకున్నరు. మా పంట పైసలు ఆయన అప్పుకు పోయినయి. ఆయన మంచోడు, మూడు నెలలకు ఇచ్చిండు. ఆ మూడు నెలలు మిత్తి మాదే.

ఇంకొకటి చెప్పాలె, చెప్పబుద్ధి కాదు. రైతు బీమా 5 లక్షలు కూడా పట్టాదారుకే. మా ఊళ్లో ఒకాయన కౌలు చేసి పురుగుల మందు తాగి చనిపోయిండు. పెద్దకర్మ నాడు ఇద్దరు లీడర్లు రెండు కార్లల్ల వచ్చి, మీ సర్కారు చంపిందంటే మీ సర్కారు చంపిందని టీవీ మైకుల ముందు అరుచుకున్నరు. ఆయన పేరు రైతుల లిస్టుల లేదు. ఏ సర్కారు లిస్టుల లేదు.

లంక పొలం:

అమ్మా, నీ పోస్టు చదివి ఏడుపొచ్చింది. మాది కోనసీమండి. మావారు, మా మరిది కలిసి రెండెకరాలు కౌలు చేస్తారు, సార్వాకి (వానాకాలం పంటకి) బస్తాల లెక్కన శిస్తు, అంటే కౌలు. కాయితంలో కౌలు రైతు పేరు ఉంటే అన్నీ సర్దుకుంటాయని తెలంగాణవాళ్లు అనుకుంటున్నారు కదా, మాకు కాయితం ఉంది. ఏం జరుగుతోందో చెప్తాను.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టమని తెచ్చారు. సీసీఆర్సీ (సాగుదారు హక్కుల) కార్డు ఇస్తారు, 11 నెలలు చెల్లుతుంది. కానీ భూమి యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతుంది. అంతకు ముందు 2011 చట్టంలో యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు ఇచ్చేవారు, అప్పుడు బ్యాంకులు ఇచ్చేవి కావు. జగన్ గారి రైతు భరోసా 13,500 కౌలు రైతులకూ ఇచ్చారు, అది నిజం. అయితే సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్లకే, అదీ కార్డు ఉంటేనే. మా ఆసామి గారు రెండేళ్లు సంతకం పెట్టలేదు. మూడో ఏడు పెట్టారు, పెట్టినందుకు బస్తా శిస్తు పెంచారు. అంటే వచ్చిన దాంట్లో ఆయన వాటా ఆయన తీసుకున్నారన్నమాట.

పథకం పేరు మాత్రం మారుతూనే ఉంటుందండి. మొదట అన్నదాత సుఖీభవ, తర్వాత రైతు భరోసా, ఇప్పుడు మళ్లీ అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్‌తో కలిపి 20 వేలన్నారు. ఒక ఏడాది ఎగ్గొట్టారని వైసీపీ వాళ్లు, మీరు ధాన్యం బకాయిలు పెట్టి పోయారని టీడీపీ వాళ్లు. 2014 రుణమాఫీ నాలుగు, ఐదు విడతలు కొత్త ప్రభుత్వం వచ్చి రద్దు చేసినప్పుడూ ఇదే గోల. మా ఇంట్లో టీవీ పెట్టడం మానేశాను.

ఆ అబ్బాయికి నా మాట ఒకటే. డబ్బు ఇవ్వడం కంటే ముందు సంతకం పెట్టండి బాబూ. మీ నాన్నగారిని కూర్చోబెట్టి చెప్పండి.

రిటైర్డ్ రెవెన్యూ:

నాన్నగారి భయం గురించి. అది ఊరికే పుట్టిన భయం కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుల జాబితాలు తయారయ్యాయి. తర్వాత సెక్షన్ 38-ఇ కింద చాలామంది రక్షిత కౌలుదారులు యజమానులే అయ్యారు. మీ తాత తరం అది కళ్లారా చూసింది. అదే కథ నాన్న దాకా వచ్చింది. కానీ అది ఆనాటి జాబితాల్లో ఉన్నవాళ్లకు. ఈరోజు మీరు ఒక ఏడాదికి కౌలు కాగితం రాసిస్తే ఎవరూ రక్షిత కౌలుదారు అయిపోరు. అనుమానముంటే ఒక వకీలుకు చూపించి రాయించండి, ఐదొందలతో పోయే పని.

సర్వీసులో ఉండగా అనుభవదారు కాలమ్ నా చేత్తోనే రాశాను. అందులో తప్పుడు పేర్లు, లంచాలు, కోర్టు కేసులు ఉండేవి, కాదనను. పుండు ఉందని కాలే తీసేశారు. కొత్త భూమి రికార్డుల చట్టం భూభారతి వచ్చింది కదా, చూద్దాం.

పీఎం కిసాన్ కూడా పట్టాదారుకే. ఆ పథకం తెచ్చిన బీజేపీ వాళ్లు ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి గుర్తు చేస్తున్నా. కౌలు రైతుకు పనికొచ్చేది పంట బీమా ఒక్కటే ఉండేది, దాంట్లోంచి 2020లో మన రాష్ట్రం బయటికొచ్చింది. ఆ పాపం గులాబీ ఖాతాలో రాసుకోండి.

సిద్దిపేట వాణ్ని:

పంట బీమాల రైతులకు వచ్చిందెంత, కంపెనీలు తిన్నదెంత పెద్దాయనా? సరే, ఆ బిడ్డ లెక్కకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేను కూడా రెండెకరాలు కౌలుకిచ్చిన. గింతే చెప్తా.

ఆయకట్టు అబ్బాయి:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, మధ్యలో రెండుసార్లు ఊరికి పోయొచ్చా.

కౌలు రైతు బిడ్డ గారి లెక్క ప్రింటు తీసి నాన్న ముందు పెట్టా. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివిండు. "11 వేలు తప్పు, మనం ఏడాదికి 22 తీసుకుంటున్నం" అన్నడు. రెండు పంటలకు పంచి రాసింది నాయినా అంటే ఏం మాట్లాడలే. తర్వాత చాయ్ తాగుతూ, "నీకంత జాలి ఉంటే నీ జీతంల కెళ్లి ఇచ్చుకో" అన్నడు. కాగితం మాట ఎత్తితే లేచి బయటికి పోయిండు.

నేనే బాబాయ్ దగ్గరికి పోయి, ఈసారి భరోసాలో సగం, పదివేల ఐదొందలు, నీకు పంపుతా అన్నా. ఒద్దన్నడు. ఒద్దంటే మొహమాటానికి కాదు. "నువ్వు నాకిస్తున్నవని తెలిస్తే ఊళ్లె పట్టాదారులందరూ మీ నాయన మీద పడ్తరు. మీ నాయన నా మీద పడ్తడు. పైసలొద్దు. మూడేండ్లు కౌలు పెంచమని, పొలం ఇంకొకరికి ఇయ్యమని మీ నాయనతోని ఒక్క మాట అనిపియ్యి" అన్నడు. గట్లు సరిచేసి, పెంట తోలి, తీరా పంట బాగా పండే టైముకు పొలం పోతదని ఆయన భయమట. ఈ పదేళ్లలో ఆ భయం మాకెప్పుడూ చెప్పలే.

నాన్న మాట ఇచ్చిండు. నోటిమాటే, రెండేళ్లకు. మూడోది తర్వాత చూద్దామన్నడు. కౌలులో ఎకరాకు ఏడాదికి 2 వేలు తగ్గించేందుకు కూడా అమ్మ మధ్యలో పడితే ఒప్పుకున్నడు. మొత్తం ఏడు వేలు. మామలు దీని గురించి గ్రూపులో ఏం మాట్లాడలే, వాళ్లు అప్పటికే యూరియా మీద పడ్డారు.

అదే చెప్దామని రాస్తున్నా. ఆగస్టులో నాట్లు అయ్యాయి, యూరియా లేదు. కేంద్రం పంపలేదని కాంగ్రెస్ వాళ్లు, పంపింది పంచలేదని బీజేపీ వాళ్లు, మా టైంలో లైన్లు లేవని బీఆర్ఎస్ వాళ్లు. 266 రూపాయల సంచి కోసం తెల్లారకముందే సొసైటీ ముందు జనం. బాబాయ్ ఫోన్ చేసిండు: "చిన్నోడా, పాస్ బుక్కు జిరాక్స్ కావాలంట, ఆధార్ కూడా, మీ నాయనయి పంపు." వాట్సాప్‌లో పంపితే మిర్యాలగూడలో ప్రింటు తీసుకున్నడు.

మరునాడు పొద్దున ఐదున్నరకు ఫోటో వచ్చింది. సొసైటీ గేటు నుంచి రోడ్డు దాకా లైను. మనుషులు కాదు, చెప్పులు, రాళ్లు, కాగితాలు. ఒక రబ్బరు చెప్పు కింద నాన్న ఫోటో ఉన్న జిరాక్స్, మంచుకు కొంచెం తడిసి. అమ్మకు చూపిస్తే, "మీ నాయన ఇన్నేండ్లకు పొలం పని మీద లైన్ల నిలబడ్డడు" అంది.

రెండు సంచులు దొరికాయట. ఇంకో మూడు కావాలి.